వంకర గోడకి నిలువు గీత

పోయినవాళ్ళ మీద జనం ఓర్పు అనే మాటని దోసిళ్ళతో కుమ్మరిస్తారు. డ్రాయింగ్ టీచరు పోయాక బడి హాల్లో జరిగిన సంతాప సభలోనూ అదే జరిగింది. ఓర్పుకి మారుపేరన్నారు ఒకరు. పల్లెత్తు మాట ఎరగని తల్లి అన్నారు ఇంకొకరు. మూడో ఆయన, ఆవిడ అందర్నీ క్షమించేదని చెప్పి కూర్చున్నాడు. ముందు వరసలో ఉన్న టీచరు భర్త, పక్కనున్న కూతురి చెవి దగ్గరికి వంగి, "ఎవరి గురించే వీళ్ళు మాట్లాడేది?" అన్నాడు.

న్యాయమైన ప్రశ్నే. అమ్మ అంటే పిల్లలు ప్రాణం పెట్టేవాళ్ళు, అందులో సందేహం లేదు. కానీ ఓర్పా? కూర ఉడికేదాకా పొయ్యి దగ్గర నిలబడలేక, పక్క గోడ మీద బొగ్గుముక్కతో ఆ గిన్నె బొమ్మే గీస్తూ, అసలు గిన్నెని మాడ్చిన మనిషి ఆవిడ. ఇక క్షమ సంగతి. ఆవిడ చట్టంలో క్షమాపణ లేని నేరం ఒకటుంది. దాని పేరు దిద్దడం.

నిజానికి అది చాలా మర్యాదైన మాట. పిల్లలు అక్షరాలు దిద్దుతారు, పంతుళ్ళు పేపర్లు దిద్దుతారు, పెద్దవాళ్ళు కాపురాలు చక్కదిద్దుకోమని చెబుతారు. ఆవిడ నోట మాత్రం అది బూతుమాటలా వచ్చేది. పిల్ల గీసిన గీత మీద పెద్దవాళ్ళు చెయ్యి పెట్టడమంటే, ఆ పిల్ల మాట్లాడుతుంటే నోరు మూసి తాము మాట్లాడటమే అనేది. ఆవిడ దర్జీ కూతురు. పుట్టి పెరిగింది గుడ్డ మీద సుద్దగీతల మధ్య. గుడ్డ మీద గీత పడితే దాని వెనకే కత్తెర వస్తుంది, రెండో గీతకి చోటుండదు. అందుకే క్లాసులో అడుగు పెట్టగానే బిస్కెట్ల డబ్బా ఒకటి బల్లల మధ్య తిప్పి, పిల్లల రబ్బర్లన్నీ అందులో వేయించుకునేది. గంట కొట్టాక ఎవరిది వాళ్ళకి. రబ్బరు టీచరని పేరు పెట్టింది పిల్లలే. ఆ పేరు ఆవిడకి చేరితే, "రబ్బరు లేని టీచరనాలి, వెధవల్లారా" అందట.

ఆవిడ పాఠాలు కూడా అలాగే ఉండేవి. కుర్చీ గీయమనేది కాదు, కుర్చీ కాళ్ళ మధ్య ఖాళీ గీయమనేది. కాగితం వైపు చూడకుండా పక్కవాడి చెవి గీయమనేది. వాడి చెవి అప్పడంలా వస్తే పగలబడి నవ్వి, "ఇది వాడి చెవే. ఇలా తప్ప వినడు వాడు" అనేది. పిల్లలు ఒళ్ళు మర్చిపోయేవాళ్ళు. హెడ్మాస్టరు మర్చిపోలేదు. ఆయన లెక్కల మనిషి. డ్రాయింగు పీరియడ్లు తీసి లెక్కలకి కలిపితే ఫలితాలు బాగుపడతాయని చాలా మర్యాదగా, చాలాకాలంగా అంటూ ఉండేవాడు.

భర్త బోర్డులు రాసేవాడు. దుకాణాల మీద, లారీల వెనక, గోడల మీద పెద్ద పెద్ద అక్షరాలు. వాళ్ళిద్దరూ కలవడమే ఒక బోర్డు దగ్గర. దర్జీ షాపుకి నిచ్చెన వేసుకుని, 'ఇచ్చట అన్ని రకముల బట్టలు కొట్టబడును' అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి దిగబోతున్న కుర్రాడితో, కింద నిలబడ్డ దర్జీ కూతురు అడిగింది: "బట్టల్నేనా, వేసుకున్నవాళ్ళని కూడానా?" ఆయన బోర్డు చదువుకుని, మళ్ళీ పైకెక్కి, 'కొ' చెరిపి 'కు' రాసి, దిగి, పెళ్ళిమాట ఎత్తడానికి ఏడాది తీసుకున్నాడు. "నన్ను దిద్దినప్పుడు ఏమైంది నీ చట్టం?" అని జన్మంతా దెప్పాడు. "అది బొమ్మ కాదు, తప్పు" అని ఆవిడ జన్మంతా జవాబు చెప్పింది.

ఇష్టపడి చేసుకున్న పెళ్ళి కాబట్టి ఇంట్లో ఆయన్ని 'నువ్వు' అనేది. నలుగురిలో 'మీరు', 'ఆయన', అన్ని లాంఛనాలూ పాటించేది. కూతురికి చిన్నప్పుడే ఒక సంగతి తెలిసిపోయింది. గడపకి ఇవతల, బయటివాళ్ళెవరూ లేనప్పుడు, అమ్మ నాన్నని 'మీరు' అందంటే ఆ రోజు ఇంట్లో కాస్త ఒళ్ళు దగ్గర పెట్టుకుని తిరగాలి.

కూతురు అదే బడిలో చదువుతున్న రోజుల్లో, ఒక సాయంత్రం అమ్మ ఒక డ్రాయింగు షీటు పట్టుకుని ఇంటికొచ్చింది. అది అన్ని బళ్ళ పిల్లలకీ కలిపి పెట్టిన పోటీకి వెళ్ళి తిరిగొచ్చిన బొమ్మ. గీసింది తాళాలాయన కూతురు. ఆ పిల్ల క్లాసులో నోరు విప్పేది కాదు. గీయడం మొదలుపెడితే మాత్రం అమ్మ ఆ పిల్ల వెనక నిలబడి ఊపిరి బిగబట్టి చూసేది. వాళ్ళ నాన్న కొట్టు గీసింది. గోడ నిండా వేలాడే తాళంచెవులు, స్టూలు మీద వంగిన మనిషి వీపు, సగం దిగిన షట్టరు. తిరిగొచ్చిన బొమ్మలో కొట్టు గోడ అంచు పక్కన ఎర్ర సిరాతో సున్నా చుట్టి ఉంది. దాని కింద ఒక ముక్క: పెద్దల చెయ్యి పడింది.

"ఏమైంది?" అన్నాడు నాన్న, భోజనం ముందు కూర్చుని.

"ఏం లేదు. మీరు తినండి."

కూతురి చేతిలో ముద్ద ఆగిపోయింది. నాన్న కూడా ఒకసారి తలెత్తి చూసి, వంచేసుకున్నాడు.

అమ్మ షీటుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుంది. చాలాసేపు చూసింది. తర్వాత దాన్ని బీరువా మీద పెట్టి, ఆ రాత్రి ఇంకేం మాట్లాడలేదు.

బడిలో మాత్రం అందరూ మాట్లాడారు. పోటీ నిబంధన స్పష్టంగానే ఉంది. టీచరు చెయ్యి పడితే ఆ బడి బొమ్మలన్నీ పక్కన పెడతారు, టీచరు మీద విచారణ చేస్తారు. హెడ్మాస్టరు స్టాఫు రూములో ఎవరితోనో, "ఆవిడంటే నాకెంతో గౌరవమండీ, కానీ మచ్చ పడ్డాక ఆ పోస్టు నిలబెట్టడం నా చేతుల్లో ఉండదు కదా" అన్నాడు. ఆ గౌరవం వినగానే అందరికీ అర్థమైపోయింది, ఈ ఏడాదితో డ్రాయింగు క్లాసు సరి అని.

అంతకంటే పెద్ద దెబ్బ క్లాసులోనే తగిలింది. డబ్బా తిరుగుతూ తాళాలాయన కూతురి బల్ల దగ్గరికి వచ్చింది. ఆ పిల్ల రబ్బరు వెయ్యలేదు. డబ్బాని పక్కవాళ్ళ వైపు తోసేసింది. అమ్మ అడగలేదు. ఆ పిల్ల తలెత్తకుండా, అందరికీ వినపడేలా అంది: "దిద్దడానికి కావాలి కదా టీచర్."

రెండు బల్లల వెనక కూర్చున్న టీచరు కూతురు అమ్మ మొహం చూసింది. ఇంటికెళ్ళేటప్పుడు, "నువ్వు దిద్దలేదని చెప్పొచ్చు కదమ్మా" అంది.

"చెబితే తర్వాత మాట ఎవరు దిద్దారని. దానికేం చెప్పను?"

"నీకు తెలుసా?"

అమ్మ నడక వేగం పెంచింది. జవాబు అదే.

కూతురికి ఆ జవాబు అర్థం ఇంటికొచ్చాక దొరికింది. ముందు గదిలో నాన్న మందుల షాపు బోర్డు ఒకటి గోడకి ఆనించి, అక్షరాలకి పెన్సిలుతో కొలతగీతలు గీస్తున్నాడు. స్కేలు ముట్టడు ఆయన. నిలబడి, ఊపిరి బిగబట్టి, పైనుంచి కిందికి ఒక్క లాగు. దారం వేలాడదీసినట్టు ఉంటుంది. కింద చెయ్యి ఎత్తేటప్పుడు మాత్రం చివర ఎడమ పక్కకి చిన్న కొక్కెం తిరుగుతుంది. బ్రష్షు ఎత్తే అలవాటు పెన్సిలుకీ వచ్చింది. కూతురు బోర్డు మీద ఆ కొక్కేలు చూసింది. లోపలికెళ్ళి కుర్చీ ఎక్కి, బీరువా మీద షీటు దించి, ఎర్ర సున్నాలో గోడ అంచు చూసింది. దారంలాంటి గీత. చివర ఎడమకి కొక్కెం.

"నాన్నా, తాళాలాయన కూతురి బొమ్మ నువ్వు ముట్టుకున్నావా?"

"ఏ బొమ్మ?" అన్నాడు బోర్డు మీంచి కళ్ళు తిప్పకుండా. తర్వాత గుర్తొచ్చింది. "ఆఁ, అదా. మీ అమ్మ అట్టలకి అంటిద్దామని జిగురు కలుపుకుంటుంటే బల్ల మీద ఉంది. పిల్ల బాగా గీసిందే. గోడ ఒక్కటే తాగినవాడిలా పక్కకి ఒరిగింది. అలా వదిలేస్తే ఎలా? ఒక్క గీత సరిచేశా. ఏం, ప్రైజు వచ్చిందా?"

కూతురు చెప్పింది. సున్నా, విచారణ, పోస్టు, రబ్బరు. వింటున్నంతసేపూ ఆయన పెన్సిలుని వేళ్ళ మధ్య తిప్పుతూనే ఉన్నాడు. చివరికి దాన్ని చెవి మీద పెట్టుకోబోయి, రెండుసార్లు జారిపోతే కింద పెట్టేశాడు.

"అందుకేనా నన్ను మీరు మీరు అంటోంది" అన్నాడు.

ఆ సాయంత్రం ఆయన ముందు గదిలోనే కాచుకుని కూర్చున్నాడు. అమ్మ రాగానే లేచి నిలబడి, "రేపు నేనొచ్చి చెప్తాను" అన్నాడు.

"మీరు రావద్దు."

"నేను చేసిందానికి నువ్వు..."

"మీరొచ్చి ఏం చెప్తారు? పిల్లల బొమ్మలు ఇంటికి తెచ్చింది నేను. మీ ఎదురుగా పెట్టింది నేను. వంకర చూస్తే మీ చెయ్యి ఆగదని తెలిసి పెట్టాను. మొగుణ్ణి చూపించి బయటపడమంటారా?"

"మరి దిద్దానని ఒప్పుకుంటావా?"

"దిద్దలేదు. ఒప్పుకోను."

"మరేం చేస్తావు?"

ఆవిడ చెప్పులు విప్పకుండానే వంటింట్లోకి వెళ్ళిపోయింది. కూతురు అమ్మని అలా చూడటం అదే మొదలు.

మర్నాడు హెడ్మాస్టరు గదిలో విచారణ. ఎర్ర సున్నా చుట్టిన పోటీ న్యాయనిర్ణేత వచ్చాడు. ఆర్టు కాలేజీలో చెప్పి రిటైరైన ముసలాయన, మెడలో తాడుకి కళ్ళజోడు వేలాడుతోంది. తాళాలాయన్నీ కూతుర్నీ పిలిపించారు. ఆయన కొట్టు నుంచి తిన్నగా వచ్చినట్టుంది, చేతులకి ఇనప రజను అలాగే ఉంది. కుర్చీ చూపించినా కూర్చోలేదు. టీచరు కూతురు వరండాలో బల్ల మీద కూర్చుంది. ఎండకి తలుపు బార్లా తీసి ఉంది కాబట్టి లోపలి మాట ఒక్కటీ తప్పిపోలేదు.

"ఈ గీత మీరు గీశారా?" అన్నాడు ముసలాయన.

"లేదండి."

"పిల్ల గీసిందా?"

"లేదండి."

"మరి?"

అమ్మ బొమ్మ వైపే చూస్తోంది. ఫ్యాను తిరుగుతోంది. హెడ్మాస్టరు గొంతు సవరించుకున్నాడు. "టీచరుగారూ, ఇంత దూరం అక్కర్లేదు. అమ్మాయి ఇంటి దగ్గర స్కేలు పెట్టి గీసుకుంది, తెలియక. చిన్నపిల్ల. పోటీలోంచి ఈ ఒక్క బొమ్మ తీసేస్తారు. మీకు ఇబ్బంది లేదు, బడికీ లేదు. మీరు ఊఁ అంటే ఇక్కడితో అయిపోతుంది."

కూతురు బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. ఊఁ అనమ్మా అనుకుంది, అనకు అని కూడా అనుకుంది. లోపల తాళాలాయన కూతురు టీచరు వైపే చూస్తోంది. ఆ చూపులో బతిమాలడం లేదు. ఏం చేస్తుందో చూద్దామన్నట్టుంది, అంతే.

"ఆ పిల్ల స్కేలు ముట్టదు" అంది అమ్మ. "పోస్టు మీ ఇష్టం. అబద్ధం మాత్రం ఆ పిల్ల నెత్తిన రుద్దకండి."

"అయితే దిద్దింది మీరేనని రాసుకోవాల్సి వస్తుంది."

అప్పుడు వరండాలో చెప్పుల చప్పుడైంది. నాన్న. ఇస్త్రీ చొక్కా వేసుకుని, చేతులకి కిరసనాయిలు వాసనతో, కూతురి వైపు చూడకుండా దాటుకుని లోపలికెళ్ళాడు.

"గీత నాదండి" అన్నాడు.

హెడ్మాస్టరు ఆయన్ని ఎరుగును. నవ్వాడు, దయగానే. "కూర్చోండి. భార్యని కాపాడుకోవాలనుకోవడంలో తప్పు లేదు. మీ స్థానంలో ఉంటే నేనూ ఇలాగే వచ్చేవాణ్ణి."

"కాపాడటానికి కాదండి. నిజంగా నేనే."

"ఎవరైనా అలాగే అంటారు కదా."

ముసలాయన తెల్ల కాగితం, పెన్సిలు ఆయన ముందుకి జరిపాడు. "గీయండి. పైనుంచి కిందికి. ఒక్కటి."

నాన్న కుర్చీలో కూర్చుని పెన్సిలు పట్టుకున్నాడు. ఊరి నిండా ఆయన అక్షరాలే. నిచ్చెన చివర ఒంటికాలి మీద నిలబడి గీసిన గీత కూడా ఎప్పుడూ చెదరలేదు. ఇప్పుడు కాగితం మీద పెన్సిలు మోపి లాగాడు. గీత సగం దాకా వచ్చి, పాములా మెలికపడి, ఆగిపోయింది. ఇంకోటి గీశాడు. అది మరీ అన్యాయం.

హెడ్మాస్టరు జాలిగా తల పక్కకి తిప్పుకున్నాడు. "చాల్లెండి. ఇంక మిమ్మల్ని..."

"కూర్చుని గీస్తావేంటి నువ్వు?" అంది అమ్మ.

అంతమందిలో, హెడ్మాస్టరు ఎదురుగా, భర్తని 'నువ్వు' అన్న సంగతి ఆవిడ గమనించినట్టు లేదు.

"జన్మలో ఎప్పుడైనా కూర్చుని గీశావా? లే. ఆ బీరువా తలుపుకి పెట్టుకో కాగితం. వీళ్ళెవర్నీ చూడకు. మందుల షాపు బోర్డనుకో."

ఆయన లేచాడు. కాగితాన్ని ఎడమచేత్తో ఇనప బీరువాకి అదిమిపట్టి, అడుగు వెనక్కి వేసి, ఊపిరి బిగబట్టి లాగాడు. తీగ బిగించినట్టు దిగింది గీత. చివర ఎడమకి కొక్కెం తిరిగింది.

ముసలాయన కళ్ళజోడు పెట్టుకుని రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకున్నాడు. ఎంతసేపు చూశాడో ఆయనకే తెలియాలి. వరండాలో బల్ల మీద కూతురికి మాత్రం బడి గంట ఎవరో కొట్టడం మర్చిపోయారేమో అనిపించింది.

"ఒకే చెయ్యి" అన్నాడు చివరికి. "టీచరు దిద్దలేదు. నేను రాసింది మార్చి రాస్తాను. బొమ్మ మాత్రం పోటీలో ఉండదు. ఎవరిదైనా పెద్దవాళ్ళ చెయ్యి పెద్దవాళ్ళ చెయ్యే."

నాన్న తాళాలాయన కూతురి వైపు తిరిగాడు. ఆయన మొహంలో ఎక్కడో ఇంకా మంచి పని చేశానన్న నమ్మకం చావలేదు. "గోడ వంకరగా వచ్చిందమ్మా. బాగుంటుందని..."

"మా గోడ వంకరేనండి" అంది పిల్ల.

ఆయనకి అర్థం కాలేదు. తాళాలాయన మొదటిసారి నోరు విప్పాడు. "నిజమేనండి. పక్కవాళ్ళు పునాది తవ్వినప్పట్నించీ ఒరిగిపోయింది. అందుకే షట్టరు సగం దాకే దిగుతుంది. తాళం పడదు."

"తాళాల కొట్టుకి తాళం పడదా?" అన్నాడు ముసలాయన.

"పడదండి. రాత్రిళ్ళు నేనే అక్కడ పడుకుంటాను. ఎవరికీ చెప్పొద్దు, బేరాలు పోతాయి."

ముసలాయన నవ్వు ఆపుకోలేకపోయాడు. హెడ్మాస్టరు కూడా. నాన్న ఒక్కడే నవ్వలేదు. బొమ్మ తీసుకుని మళ్ళీ చూశాడు. సగంలో ఆగిన షట్టరుని ఇప్పుడు చూశాడు. నిలువు గోడకి ఆ షట్టరు ఎందుకు ఆగాలి? ఆయన గీత తిన్నగా ఉంది, బొమ్మంతటికీ అబద్ధం అదొక్కటే.

"బాగానే గీశారు మీరు" అంది అమ్మ ఆయనతో. గొంతు మామూలుగానే ఉంది. "ఆ గోడకి పనికిరాదు, అంతే."

ఆ 'మీరు' నలుగురి కోసం అన్నదో, ఇంకోలాంటిదో, వరండాలో కూతురికి బోధపడలేదు.

హెడ్మాస్టరు ఈ ఏడాదికి డ్రాయింగు క్లాసు ఉంటుందన్నాడు. పిల్లల కాగితం ఒక్కటి కూడా బడి దాటకూడదని గట్టిగా చెప్పాడు. అమ్మ తలూపింది. ఒప్పుకుందో, విన్నానందో, ఆ తలూపుతో తేలదు. తాళాలాయన కూతురు ఎర్ర సున్నా ఉన్న తన షీటు చంకలో పెట్టుకుని, వరండాలోకి వచ్చాక వెనక్కి తిరిగింది.

"రేపేం గీయాలి టీచర్?"

"రేపు చెప్తాను" అంది అమ్మ. ఆ పిల్ల మెట్లు దిగేదాకా నిలబడి, తర్వాత వరండా స్తంభానికి ఒక చెయ్యి ఆనించింది.

ఆ వారంలోనే, సంచి నిండా పిల్లల షీట్లు పెట్టుకుని ఇంటికి తెచ్చింది. హెడ్మాస్టరు మాట వినని మనిషని అంతకుముందు ఎవరూ అనలేదు, షీట్లు ఇల్లు చేరిన సంగతి ఆ తర్వాతా ఎవరికీ తెలియలేదు. భోజనాల బల్ల మీద వరసగా పరిచి, నాన్నని పిలిచి, కుర్చీ లాగి బల్ల ముందు కూర్చోబెట్టింది.

"నేను లోపల జిగురు కలుపుతాను. మీరు వీటి దగ్గరుండండి."

"నేనెందుకు? ఇంకెక్కడైనా పెట్టుకో వాటిని."

"ఇక్కడే పెడతాను. ఇది నా ఇల్లు, ఇవి నా పిల్లల బొమ్మలు, మీరు నా మొగుడు. ఒకదాన్నించి ఇంకోదాన్ని దాచి ఎన్నాళ్ళు బతకను?"

వంటింట్లోకి వెళ్ళిపోయింది. నాన్న బల్ల ముందు కూర్చున్నాడు. ఎదురుగా ఒక బస్సు బొమ్మ. ముందు చక్రం పళ్ళెమంత, వెనక చక్రం గుండీ అంత. ఆయన దాన్ని చూశాడు, గోడ చూశాడు, మళ్ళీ దాన్నే చూశాడు. చెయ్యి బల్ల అంచు దాకా వచ్చింది. పక్కనే పెన్సిలుంది. కూతురు తన పుస్తకంలోంచి తలెత్తి ఊపిరి ఆపుకుంది. ఆయన రెండు చేతులూ మెల్లిగా వెనక్కి తీసుకుని, తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చున్నాడు.

"ఈ బస్సు కదలదే" అన్నాడు కూతురితో, గొంతు తగ్గించి.

"నిన్నెక్కమనలేదు కదా నాన్నా."

అమ్మ జిగురు గిన్నెతో వచ్చింది. ఆయన మొహం చూడలేదు, చేతులెక్కడున్నాయో చూసింది. బస్సు బొమ్మ తిరగేసి జిగురు రాయడం మొదలుపెట్టింది.

"ఎంతసేపు ఇలా?" అన్నాడు నాన్న.

"ఆరేదాకా" అంది.